అనుమానము, అపనింద: పరిశోధకుడే అనుమానితుడైన కథలు

తెలుగువాడు "అనుమానము" అను మాటను పలికినపుడు నైయాయికుడు ఒక యర్థమును, ఇరుగుపొరుగువారు వేఱొక యర్థమును గ్రహింతురు. న్యాయశాస్త్రమున అనుమానము ఒక ప్రమాణము. పొగను చూచి నిప్పును తెలిసికొనుట దానికి చిరకాలపు ఉదాహరణము. తెలుగు వాడుకలో ఈ మాట ఇంకొక దారి పట్టినది. ఒకనిపై అనుమానము కలిగినదనగా వానిని శంకించితిమనియే యర్థము. "అనుమానం పెనుభూతం" అను సామెతలోని అనుమానము గౌతమమహర్షి సూత్రములలోని అనుమానము కాదు. కన్నడమునను లోకవ్యవహారమున శంక యను నర్థమే ప్రబలముగా నున్నది. హిందీ, వంగ, ఒడియా భాషలలో ఈ పదము ఊహ, అంచనా యను నర్థములలో నిలిచినది. వాన రాగలదను సూచనకు హిందీ పత్రికలు అనుమానమను మాటను వాడును. దానిని క్రొత్తగా విన్న తెలుగువాడు వానను శంకించుట యేమని ఆశ్చర్యపడును.

జంషెడ్‌పూరు వంటి పట్టణమున ఈ రెండర్థములును ఒకే వీధిలో వినబడుచుండును. 1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు కంపెనీ కొఱకు సాక్చి గ్రామమున కర్మాగారము వెలసినది. 1919లో ఆ చోటికి జంషెడ్‌పూరను పేరు వచ్చినది. నాటినుండి వంగీయులు, ఒడియావారు, బీహారువారు, పంజాబీలు, తమిళులు, తెలుగువారు అక్కడికి పనికై వచ్చి, ఆ నేలపై ముందునుండియు నున్న సంతాలీ, హో భాషలవారి సరసన స్థిరపడిరి. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు బోధించు నావంటివానికి అట్టి పట్టణములు సజీవ నిఘంటువులు. ఒకే సంస్కృత పదము ఒక్కొక్క యింట ఒక్కొక్క బ్రతుకు బ్రతుకుచుండును.

ఈ వ్యాసమున పరిశీలింపబడు విషయము నేరమును పరిశోధించువాడే నేరస్థుడని శంకింపబడు కథ. ఇట్టి కథలు నేడు కొరియా దేశపు చిత్రములందును, మన చిత్రములందును హాస్యముతో కలిసి వచ్చుచున్నవి. ఇవి పాశ్చాత్య అపరాధ పరిశోధక నవలనుండి దిగుమతియైనవని సామాన్యముగా తలంతురు. ఆ తలంపు సగమే నిజము. ఈ కథాబీజము తెలుగువారి యిండ్లలో ఏటేట చదువబడుచున్నది. అంతేకాక, తెలుగు అనుమానము మరల న్యాయశాస్త్రపు అనుమానముగా మాఱవలెనన్నచో ఏ యే మెట్లు ఎక్కవలెనో ఆ కథ చూపుచున్నది. ఈ రెండు మాటలను స్థాపించుటకు యత్నింతును.

1. ఒక పిల్ల వేసిన ప్రశ్న

కొన్ని యేండ్ల క్రిందట వినాయక చవితినాడు జంషెడ్‌పూరులో ఒక మిత్రుని యింట నుంటిని. ఆ యింటివారి పూర్వులు శ్రీకాకుళము ప్రాంతమునుండి కర్మాగారపు పనికై వచ్చినవారు. ఇప్పటి పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. అందుచే పూజ ముగిసిన పిదప ఇంటి పెద్దావిడ వ్రతకథను చదువగా అందఱును అక్షతలు చేత బట్టుకొని వినిరి. శమంతకమణి కథ ముగియుచుండగా పదేండ్ల మనుమరాలు అడిగినది: "అమ్మమ్మా, దొంగతనం కృష్ణుడి మీదే పెట్టారు కదా. మళ్ళీ ఆయనే వెతికి, ఆయనే మణి తెచ్చి, ఎలుగుబంటి దగ్గర దొరికింది అంటే అందరూ ఎలా నమ్మేశారు?" పెద్దావిడ ఒక క్షణమాగి, "దేవుడు కదమ్మా, నమ్మరేటి?" అని అక్షతలు పిల్ల తలపై వేసినది.

ఆ సాయంకాలము పిల్లలు టీవీలో "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ" అను చిత్రమును చూచుచుండిరి. పట్టాల ప్రక్క శవమును పరిశీలింపబోయిన డిటెక్టివునే పోలీసులు పట్టుకొనిన ఘట్టము రాగా, ఆ పిల్లయే "ఇదీ పొద్దున్నటి కథే" అన్నది.

ఆ పిల్ల ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. నిందితుడే పరిశోధకుడైనపుడు వాడు తెచ్చిన సాక్ష్యమునకు విలువ యేమి? ఈ ప్రశ్నకు పురాణమే యేమని చెప్పుచున్నదో మొదట చూడవలెను.

2. శమంతకోపాఖ్యానము: ఒక పరిశోధన

ఈ ఉపాఖ్యానము భాగవత దశమస్కంధమున 56, 57 అధ్యాయములందు కలదు. తెలుగున పోతన భాగవతము ద్వారా ప్రసిద్ధమైనది. సత్రాజిత్తునకు సూర్యుడిచ్చిన శమంతకమణి దినమునకు ఎనిమిది బారువుల బంగారము నిచ్చును. దానిని యదురాజునకై కృష్ణుడడుగగా సత్రాజిత్తు ఇయ్యడయ్యెను. తరువాత వాని తమ్ముడు ప్రసేనుడు మణిని కంఠమున ధరించి, గుఱ్ఱమెక్కి వేటకు పోయి తిరిగిరాలేదు. మణికొఱకు కృష్ణుడే తన తమ్ముని చంపియుండునని సత్రాజిత్తు పలికెను. ఆ మాట విన్న జనులు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకొనిరని మూలము. తెలుగున "కర్ణాకర్ణిగా వింటిమి" అను పలుకుబడి యిట్టి వ్యాప్తికే చెల్లును. నిందకు కర్త ఒక్కడు, దానిని పెంచినవారు పేరులేని పలువురు.

ఇచట కృష్ణుడు చేసిన పనులను వరుసగా గమనింపవలెను. ఆయన తాను నిర్దోషినని ప్రమాణము చేయలేదు. నిందించినవానిని దండింపలేదు. నగరజనులను వెంటబెట్టుకొని ప్రసేనుడు పోయిన జాడను బట్టి అడవికి పోయెను. అచట సింహము చంపిన ప్రసేనుడును గుఱ్ఱమును కనబడిరి. సింహపు జాడను బట్టి పోగా కొండచరియయందు భల్లూకము చంపిన సింహము కనబడెను. భల్లూకపు జాడ ఒక గుహకు చేర్చెను. జనులను వెలుపల నిలిపి కృష్ణు డొక్కడే లోనికి పోయెను. జాంబవంతునితో ఇరువదియెనిమిది దినములు పోరెను. పండ్రెండు దినములు వేచియుండి జనులు దుఃఖముతో ద్వారకకు మరలిరి. పిమ్మట మణితోను, జాంబవతితోను వచ్చిన కృష్ణుడు రాజసన్నిధిని, సభామధ్యమున సత్రాజిత్తును పిలిపించి, మణి దొరకిన తీరును వినిపించి, మణిని వానికే ఇచ్చివేసెను.

ఇందు మూడు లక్షణములు స్పష్టముగా నున్నవి. మొదటిది, శంకించిన జనులే పరిశోధనకు తోడుగా నుండుట. రెండవది, ఊహను విడిచి జాడను బట్టి నడచుట. జాడ విడిచినచోట కథ ఆగును, జాడ దొరకినచోట సాగును. మూడవది, ఫలితమును గుట్టుగా గాక సభలో ప్రకటించుట. చెవులలో పుట్టిన నింద సభయందు తీరినది.

అయినను పిల్ల ప్రశ్న పూర్తిగా తీరలేదు. గుహలో జరిగినదానిని వెలుపలి జనులు చూడలేదు. పురాణకర్త ఈ లోటును ఎఱుగును. అందుకు నిదర్శనము తరువాతి యధ్యాయము. శతధన్వుడు సత్రాజిత్తును చంపి మణిని అపహరించి, దానిని అక్రూరునియొద్ద నుంచి పాఱిపోయెను. కృష్ణుడు వానిని తఱిమి చంపెను గాని మణి వానియొద్ద దొరకలేదు. ఈ మాఱు శంక బయటి జనులది కాదు. మణి విషయమున బలరామునికే తమ్మునిపై పూర్తి నమ్మకము కలుగలేదు. ఆ మాటను కృష్ణుడే తరువాత అక్రూరునితో చెప్పుకొనును. అన్నగారి శంకను తీర్చుటకై మణిని బంధువుల యెదుట చూపుమని అక్రూరుని కోరును. అక్రూరుడు చూపును. అందఱును చూచిన పిదప కృష్ణుడు దానిని మరల అక్రూరునకే ఇచ్చును.

కాబట్టి "దేవుడు గనుక నమ్మిరి" అను సమాధానము భక్తురాలి సమాధానమే కాని పురాణపు సమాధానము కాదు. పురాణమున దేవుని తోబుట్టువే దేవుని నమ్మలేదు. నమ్మకము వస్తువును కన్నులార చూచిన పిదపనే కలిగినది. శంకను పాపమని పురాణము త్రోసివేయలేదు. దానిని తీర్చు భారమును మాత్రము కథానాయకునిపై పెట్టినది.

3. వ్రతకథ చేసిన మార్పు

తెలుగునాట చదువబడు వినాయక వ్రతకథలో ఈ ఉపాఖ్యానమునకు వేఱొక కారణము చేరినది. భాద్రపద శుద్ధ చవితినాడు చంద్రుని చూచినవారికి నీలాపనిందలు కలుగును. కృష్ణుడు పాలలో చంద్రుని ప్రతిబింబమును చూచెను గనుక నింద కలిగెను. పురాణమున మానవుల నోటినుండి పుట్టిన నింద ఇచట ఆకాశమునుండి వచ్చినది. సత్రాజిత్తుపైని, గుసగుసలాడిన జనులపైని ఉండవలసిన బాధ్యత చంద్రునిపైకి జాఱినది. కథ విని అక్షతలు ధరించినవారికి నింద అంటదని ఫలశ్రుతి. నింద పడినవాడు ఏమి చేయవలెనో వ్రతకథ చెప్పుచున్నది. నింద వేసినవాడు ఏమి చేయరాదో అంత గట్టిగా చెప్పుట లేదు.

అయితే వ్రతకథయందే మఱియొక నింద కలదు. సప్తర్షులలో ఆర్వురి భార్యలు చంద్రుని చూచిన ఫలముగా శంకకు గురియైరి. వారిని అగ్నిదేవుడు కోరుచున్నాడని తెలిసి, స్వాహాదేవి ఆ రూపములను తానే దాల్చి భర్తను చేరెను. అది చూచిన ఋషులు తమ భార్యలే యనుకొని వారిని విడిచిరి. ఇచట తప్పు వదంతిది కాదు, కంటిది. ప్రత్యక్షము కూడ మోసగింపవచ్చునని ఈ చిన్న కథ తెలుపుచున్నది. శమంతక కథలో కన్ను శంకను తీర్చెను. ఋషిపత్నుల కథలో కన్నే శంకను పుట్టించెను. ఈ రెంటిని ఒకే వ్రతకథలో ఒకదాని వెంట ఒకటి చెప్పుట గమనింపదగినది.

4. సంశయమునుండి నిర్ణయమునకు

న్యాయదర్శనమున చెప్పబడిన పదునాఱు పదార్థములలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. నడుమ ప్రయోజనము, దృష్టాంతము, సిద్ధాంతము, అవయవములు, తర్కము ఉన్నవి. సంశయము దోషమని గౌతముడు భావింపలేదు. అది విచారణకు ద్వారము. మసకచీకటిలో కనబడునది మోడో మనుష్యుడో యనుట సంశయమునకు ప్రసిద్ధోదాహరణము. దానికి రెండు కొనలుండవలెను. ఒక్క కొనయే మిగిలినపుడు దానిని సంశయమనరాదు. తెలుగు వాడుకలోని అనుమానమునకు సాధారణముగా ఒక్క కొనయే యుండును.

సత్రాజిత్తు వాదమును అవయవములుగా విడదీసినచో దాని లోపము బయటపడును. కృష్ణుడు ప్రసేనుని చంపెను, ఇది ప్రతిజ్ఞ. మణిని కోరియుండెను గనుక, ఇది హేతువు. ఒక వస్తువును కోరినవాడు దానికై ప్రాణము తీయునను వ్యాప్తి నిలిచినప్పుడే ఈ వాదము నిలుచును. లోకమున కోరినవారందఱును హంతకులు కారు. హేతువు సాధ్యము లేనిచోట కూడ నుండుటచే ఇది సవ్యభిచారమను హేత్వాభాసము.

మన సామెతలలో ఒకటి ఇచట స్మరణీయము. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు." బూడిద గుమ్మడికాయను భుజమున మోసినచో తెల్లని పొడి అంటును. దొంగ యన్న మాట వినగానే మోసినవాడు తన భుజమును చూచుకొనును. ఇది పల్లెలలో పుట్టిన అపరాధ పరిశోధన. పొడియను జాడను, తత్తరపాటను చేష్టను కలిపి పట్టుకొనుట దీని నేర్పు. కాని ఈ పరీక్షయు నిర్దుష్టము కాదు. పదిమందిలో నిలిపి దొంగ యని గద్దించినచో నిర్దోషియు భుజము తడుముకొనును. పొడి యున్నదా లేదా యని చూడక తడుముకొనుటను మాత్రమే చూచినవాడు హేత్వాభాసమున పడును.

5. ఆధునిక కథలలో మూడు తెఱగులు

అపరాధ పరిశోధక కథ ఆంగ్లమున 1841లో ఎడ్గార్ ఎలన్ పో రచించిన కథతో మొదలైనదని సాహిత్యచరిత్రకారులందురు. ఆ కథాజాతిలో పరిశోధకుడే నిందితుడగు ఇతివృత్తము మూడు తెఱగులుగా కనబడుచున్నది.

మొదటిది, పరిశోధకుడు తానెఱుగకయే దోషి యగుట. గ్రీకు నాటకమున ఈడిపస్ రాజు ఇట్టివాడు. 1868లో వచ్చిన విల్కీ కాలిన్స్ నవల "ది మూన్‌స్టోన్" మనకు మఱింత ఆసక్తికరము. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడి నాడు అపహరింపబడిన భారతీయ వజ్రమొకటి ఇంగ్లండులో పోవును. దానికై పట్టుదలతో వెదకిన ఫ్రాంక్లిన్ బ్లేక్ తుదకు నల్లమందు మత్తులో దానిని తీసినది తానేయని తెలిసికొనును. మణియు, చంద్రుని పేరును, వెదకువానిపై శంకయు గల ఈ నవల శమంతక కథకు ప్రతిబింబము వలె తోచును. ఒకదానినుండి మఱియొకటి పుట్టినదని మాత్రము నేననుట లేదు.

రెండవది, పరిశోధకుడు తెలిసియు దోషి యగుట. కిమ్ సాంగ్‌హున్ దర్శకత్వమున 2014లో వచ్చిన కొరియా చిత్రము "ఎ హార్డ్ డే" దీనికి మంచి యుదాహరణము. తల్లి అంత్యక్రియల రాత్రి కారు నడుపుచు ఒక మనుష్యుని ఢీకొన్న పోలీసు డిటెక్టివు ఆ శవమును తల్లి శవపేటికలోనే దాచును. తరువాత ఆ మనుష్యుని కొఱకై సాగు పరిశోధనలో తన దళముతోపాటు తానును పాల్గొనవలసి వచ్చును. ప్రతి ఆధారమును తన కన్న ముందుగా ఇతరులు చూచెదరేమోయని వాడు పడు తొట్రుపాటునుండి భయమును హాస్యమును ఒక్కమాఱే పుట్టును. ఇచట ప్రేక్షకునికి రహస్యము మొదటినుండియు తెలియును. అందుచే వాడు పరిశోధకుని ప్రక్క నిలిచి, సత్యము దొరకకుండుగాక యని కోరుకొను వింత స్థితికి వచ్చును.

మూడవది, పరిశోధకుడు నిర్దోషియై అపనింద మోయుట. శమంతక కథ ఈ తెఱగునకు చెందినది. వంగభాషలో శరదిందు బందోపాధ్యాయ 1930ల దశకమున సృష్టించిన బ్యోమకేశ్ బక్షీ మన దేశపు పరిశోధకులలో మిక్కిలి ప్రసిద్ధుడు. "సత్యాన్వేషి" యను కథలో బ్యోమకేశుడు అతుల్ అను మాఱుపేరుతో కలకత్తాలో ఒక మెస్సున దిగును. అచట హత్య జరుగగా పోలీసులు వానినే నిర్బంధింతురు. పాఠకునికి బ్యోమకేశుని తొలి పరిచయము అనుమానితుడుగానే కలుగుట విశేషము.

తెలుగున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరుడు 1950 తరువాతి దశకములలో పాఠకులను ఉఱ్ఱూతలూపెను. యుగంధరుడు గంభీరుడు. పోలీసులే ఆయన సాయము కోరుదురు. ఆ గాంభీర్యమును హాస్యముగా మార్చినది 1986లో జంధ్యాల దర్శకత్వమున వచ్చిన "చంటబ్బాయ్". మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల దీనికి మూలము. జేమ్స్ పాండ్ అని తన్ను తాను పిలుచుకొను పాండురంగారావును చూచి జనులు నవ్విరి. డిటెక్టివు వేషమే నవ్వునకు మూలమైన పిదప, ఆ వేషగానిని ఎవరును నమ్మని స్థితికి కథ చేరుటకు ఇంక ఒక్క మెట్టే మిగిలినది.

ఆ మెట్టును 2019 జూన్ 21న విడుదలయైన "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ" యెక్కెను. స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకుడు, నవీన్ పొలిశెట్టి కథానాయకుడు. నెల్లూరులో చిన్న డిటెక్టివు కార్యాలయము నడుపు ఆత్రేయ తన వృత్తిని సినిమాలు చూచి నేర్చినవాడు. కోటు, టోపీ, దర్పముగల మాట వాని సరంజామా. కార్యాలయమునకు ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అని పేరుపెట్టి, దానిని కుదించి ఎఫ్.బి.ఐ. అని చెప్పుకొనును. రైలుపట్టాల ప్రక్కనున్న శవమును చూడబోయి తానే నిందితుడుగా ఠాణాకు చేరును. అచ్చట తోడి ఖైదీ చెప్పిన ఒక తండ్రి గోడుతో అసలు కథ మొదలగును. అంత్యక్రియలయెడ జనులకు గల విశ్వాసమును వాడుకొను నేరము వఱకు ఆ దారి పోవును. చివరి ముడిని ఇచట విప్పుట చూడనివారికి అన్యాయము చేయుట యగును. ఈ చిత్రము 2022లో "ఏజెంట్ కన్నాయిరం" అను పేర తమిళమున పునర్నిర్మితమైనది.

ఆత్రేయపై పోలీసుల వాదము సత్రాజిత్తు వాదమువంటిదే. శవము ప్రక్క నున్నాడు గనుక చంపినవాడు. శవమునొద్దకు హంతకుడును వచ్చును, పరిశోధకుడును వచ్చును, దారిన పోవువాడును వచ్చును. కొరియా డిటెక్టివు తల్లి శవపేటికలో తన దోషమును దాచెను. ఆత్రేయ కథయందును తల్లి మరణము కలదు. అది వానికి దాచవలసిన రహస్యము గాక తీర్చుకొనవలసిన ఋణమువలె నుండును. ఒకే విధమైన దుఃఖమును రెండు దేశముల చిత్రములు రెండు తెఱగుల శంకకు వాడుకొన్నవి.

6. హాస్యమునకు ఇచట పని యేమి

ప్రాణములకు సంబంధించిన నిందను హాస్యముతో చెప్పుట ఔచిత్యమేనా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. నాట్యశాస్త్రము హాస్యమునకు వికృతమైన వేషమును, ఆకారమును, వాక్కును విభావములుగా చెప్పినది. ఆత్రేయ కోటు వికృతవేషము. వాని దర్పము వికృతవాక్కు. అల్పమైన హేతువునుండి గొప్ప నిర్ణయమునకు దుముకుట కూడ వికృతియే. ప్రారంభమున ఆత్రేయ అట్లు దుముకగా మనము నవ్వుదుము. తరువాత పోలీసులు అదే దుముకు దుముకి వానిని పట్టుకొందురు. మొదటి నవ్వు రెండవ దానిని గుర్తించుటకు మనలను సిద్ధపఱచినది. హేత్వాభాసమును శాస్త్రము పేరుపెట్టి చూపును. హాస్యము దానిని ప్రేక్షకునిచేతనే పట్టించును.

మఱియొక సంగతి. వదంతి చెవులలో పెరుగును. నవ్వు నలుగురిలో పుట్టును. నింద వేసినవాడు తన మాట సభలో పరీక్షింపబడుటకు ఇచ్చగింపడు. హాస్యచిత్రము చూచు జనసమూహము ఒక విధమైన సభ. శమంతక కథలో సభ చేసిన పనిలో కొంత భాగమును నేడు చిత్రశాల చేయుచున్నదని యనుట అతిశయోక్తి కాదు.

7. జాడ దొరకని కథలు

ఇంతవఱకు చెప్పిన కథలన్నిటను అనుమానితునికి ఒక యవకాశము దొరకినది. వాడు నడచి పోవుటకు అడవి యుండెను, వేచియుండుటకు జనులుండిరి, చెప్పుకొనుటకు సభ యుండెను. జంషెడ్‌పూరు పరిసరములలో ఈ యవకాశము దొరకని వారిని గూర్చి చెప్పక ఈ వ్యాసమును ముగింపజాలను.

2017 మే నెలలో ఆ ప్రాంతమున పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠా తిరుగుచున్నదని వదంతి పుట్టినది. అది వాట్సాప్ సందేశములుగా చేతినుండి చేతికి పోయినది. మే 18న సరాయికేలా ఖర్సావాన్ జిల్లాలో నలుగురిని, జంషెడ్‌పూరు చెంతనున్న నాగాడీలో మువ్వురిని జనసమూహములు కొట్టి చంపినవి. ఒక్క దినమున ఏడు ప్రాణములు పోయినవి. 2019 జూనులో అదే సరాయికేలా ఖర్సావాన్ జిల్లాలో దొంగయను అనుమానముపై ఒక యువకుని స్తంభమునకు కట్టి కొట్టిరి. అతడు జూన్ 22న మరణించెను. ఆత్రేయ చిత్రము విడుదలయైన మఱునాడది. ఒకచోట జనులు తెరపై తప్పుడు అనుమానమును చూచి నవ్వుచుండగా, మఱియొకచోట అట్టి అనుమానము ఒకని ప్రాణము తీసినది.

సర్వోన్నత న్యాయస్థానము 2018 జూలైలో ఇట్టి మూకహత్యల నివారణకై ప్రతి జిల్లాకు బాధ్యుడైన అధికారిని నియమింపవలెనని ఆదేశించినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 103వ విభాగమున, ఐదుగురో అంతకు మించినవారో గుంపుగూడి జాతి, కులము, భాష, జన్మస్థలము మొదలగు కారణములచే చేయు హత్యకు ప్రత్యేకముగా శిక్ష చెప్పబడినది. ఈ పట్టికలో భాష, జన్మస్థలము అను మాటలుండుట భాషాధ్యయనము చేయువారు గమనింపవలెను. వేఱుచోటినుండి వచ్చినవాడు, వేఱు మాట పలుకువాడు అను సంగతియే అనేక స్థలములలో హేతువుగా చెల్లిపోవుచున్నది. జంషెడ్‌పూరులో దాదాపు ప్రతి యింటివారును ఒకప్పుడు వేఱుచోటినుండి వచ్చినవారే. ద్వారకయు మథురనుండి వలసవచ్చినవారి నగరమే యని పురాణము చెప్పుచున్నది.

శాసనములు చేయవలసిన పనిని కథలు చేయజాలవు. కాని ఏటేట ఇంటింట చదువబడు కథను ఎట్లు చదువుచున్నామో చూచుకొనుట అధ్యాపకుల పని. నీలాపనింద మనకు రాకుండుగాక యని అక్షతలు ధరింతుము. సత్రాజిత్తువలె తొందరపడితిమా, చెవులలో చెప్పుకొన్న జనులలో మనమును ఉంటిమా యని అడుగుట అరుదు. పురాణమున సత్రాజిత్తు తన తప్పునకు సిగ్గుపడి తలవంచుకొని యింటికి పోయెను. పిమ్మట సత్యభామను, మణిని కృష్ణునకు సమర్పించెను. కృష్ణుడు మణిని స్వీకరింపలేదు. నింద వేసినవాని పశ్చాత్తాపమునకు పురాణమిచ్చిన స్థానమును వ్రతకథా పఠనమున మరల నిలుపవలసియున్నది.

ఈ దిశలో చేయవలసిన పరిశోధన యెంతయో కలదు. అనుమానము, శంక, సందేహము, సంశయము అను పదములు భారతీయ భాషలలో పొందిన అర్థపరిణామమును ఒక్కచోట చేర్చి చూడవలెను. జంషెడ్‌పూరు, ఖరగ్‌పూరు వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబములలో చదువబడు, నోట చెప్పబడు వ్రతకథల పాఠభేదములను పెద్దలుండగానే సేకరింపవలెను. ఆ సేకరణలో పిల్లలు అడుగు ప్రశ్నలకును ఒక స్థానమీయవలెను. నా మిత్రుని యింటి పిల్లకు నేనా రాత్రి గుహ వెలుపల వేచిన జనులను గూర్చియు, మణిని చూడగోరిన బలరాముని గూర్చియు చెప్పితిని. ఆమె కొంతసేపాలోచించి, "అయితే పన్నెండు రోజులకే ఎందుకు వెళ్ళిపోయారు?" అని మరల అడిగినది.